ఫ్రిజ్‌కి ఎండ, వెర్న్‌కి నీడ

తాము కాపురముండే మోటార్‌హోమ్ బండిలోని గ్యాస్ ఫ్రిజ్‌ని పీకేసి, ఇళ్లల్లో వాడే రెండు తలుపుల ఫ్రిజ్‌ని పెట్టించాడు వెర్న్. కప్పు మీద సోలార్ పలకలు, మంచం కింద బ్యాటరీలు, ఇన్వర్టర్ కూడా తనే బిగించి, ఆరిజోనా ఎడారిలో మకాం వేసిన ప్రతివాడికీ తలుపు తీసి చూపించాడు. తీరా బండిని మాత్రం తుమ్మచెట్టు కింద నిలిపాడు. చల్లగా ఉంటుందట.

రెండో రోజు మధ్యాహ్నానికి ఇన్వర్టర్ కుయ్యో అనడం మొదలుపెట్టింది. ఫ్రీజర్ నిండా హకిల్‌బెర్రీ పళ్లున్నాయి. వేసవంతా మొంటానా కొండల్లో వంగి వంగి అతని భార్య డోరీన్ కోసినవి. అవి కరిగాయంటే ఆ నడుంనొప్పంతా వృథా.

"పలకల మీద ఎండ పడట్లేదు మహానుభావా, బండి కాస్త ముందుకి తియ్యి," అంది మొగుడితో.

"ఇప్పుడా? ఇప్పుడేగా కుర్చీ వేసుకున్నాను! సాయంత్రం చూద్దాంలే."

"సాయంత్రం ఎండ నువ్వు తెస్తావా?"

వెర్న్ టోపీ ముఖం మీదికి లాక్కుని గురక పెట్టాడు.

డోరీన్ చప్పుడు చేయకుండా తలుపేసి, బండిని రెండొందల గజాల అవతల మిటమిటలాడే ఎండలో నిలిపింది. కాసేపటికి ఇన్వర్టర్ నోరు మూసుకుంది. పళ్లు ఇంకా గులకరాళ్లలాగే ఉన్నాయి.

వెర్న్ కళ్లు తెరిచేసరికి చెట్టుంది, కుర్చీ ఉంది, ఇల్లు లేదు. చెమటలు కక్కుకుంటూ నడిచొచ్చాడు.

"నన్నక్కడ వదిలేసి వచ్చేస్తావా?"

"నీడ నీకిష్టం కదా అని లేపలేదు. కుర్చీ తెచ్చుకోలేదేం?"