ఇరవై ఐదు అంగలు

మార్చి చివరి వారంలో గట్టు అంచున ఉన్న కంచె సముద్రంలోకి జారిపోయింది. అప్పుడు నేను బడిలో మూడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. సాయంత్రం మేవిస్ ఫోన్ చేసింది. సముద్రపొడ్డున సెలవులకు వెళ్ళే పార్కులో మా పక్క కారవాన్, అంటే చక్రాల మీది చిన్న ఇల్లు, ఆమెదే. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి.

"ఏవ్రిల్, మన కంచె ఈతకు పోయిందమ్మా. ఒక్కతీ పోకుండా నాలుగు మీటర్ల నేలను కూడా వెంటబెట్టుకు పోయింది. నువ్వొచ్చి నీ బండి సంగతి చూసుకో."

అది పేరుకే బండి. కింద చక్రాలు ఉన్నాయి, కాని ఎక్కడికీ కదలదు. ఇంగ్లండు తూర్పు తీరాన విదర్న్‌సీ ఊరికి దక్షిణాన ఉన్న ఆ పార్కులో, సముద్రం వైపు మొదటి వరుసలో ఉంటుంది. పద్నాలుగేళ్ళ క్రితం నా భర్త క్లైవ్ ముచ్చటపడి కొన్నాడు. ఆయన పక్కన నేనూ సంతకం పెట్టాను. తలుపు తీస్తే తడి గుడ్డల వాసన వస్తుంది. పొద్దున్నే కిటికీ అద్దాలు లోపలివైపు చెమ్మగిల్లి, పరుపు అంచులు తడుస్తాయి. చలికాలం రెండు నెలలు పార్కు మూసేస్తారు, సొంతదారులను కూడా లోపలికి రానివ్వరు. అయినా మా సెలవులన్నీ అక్కడే గడిచాయి. పోర్చుగల్ చూద్దామని ఒకసారి అడిగాను. "ఏడాదికి సరిపడా స్థలం అద్దె కట్టేశాం కదోయ్, దాన్ని ఖాళీగా పడేస్తామా?" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

ప్రతి ఈస్టరుకూ తాళం తీయగానే క్లైవ్ ఒక పని చేసేవాడు. మెట్టు దిగి గట్టు అంచు దాకా అంగలు లెక్కపెట్టుకుంటూ నడిచేవాడు. తిరిగి వచ్చి, కప్పులు పెట్టుకునే అలమర తలుపు లోపలివైపు పెన్సిలుతో సంవత్సరం, అంకె రాసేవాడు. మొదటి ఏడాది యాభై రెండు. తర్వాత యాభై, నలభై ఏడు, నలభై ఐదు. అలా ఏటా రెండు మూడు తగ్గుతూ వచ్చింది. చివరి మూడేళ్ళు మాత్రం ఇరవై ఆరు, ఇరవై ఆరు, ఇరవై ఐదు.

"చూశావా, సముద్రానికి మనమంటే గౌరవం వచ్చింది," అన్నాడు పోయిన ఈస్టరుకు, మెట్టు మీద కూర్చుని ఊపిరి కూడదీసుకుంటూ.

నవంబరులో ఆయన పోయాడు.

ఈస్టరు సెలవుల మొదటి శనివారం వెళ్ళాను. పార్కు వాళ్ళ ఉత్తరం అప్పటికే చేతిలో ఉంది. గట్టుకూ కారవాన్‌కూ మధ్య పదిహేను మీటర్లు లేకపోతే దాన్ని తీసేయాలి, ఖర్చు సొంతదారుదే. పన్నెండేళ్ళు దాటిన కారవాన్‌కు వెనక వరుసల్లో చోటివ్వరు. అమ్మాలని చూశాను. మొదటి వరుస అనగానే అవతలి వాళ్ళు నవ్వి ఫోన్ పెట్టేశారు. మా అన్న పొలానికి తరలిద్దామంటే, కారవాన్లు లాక్కుపోయే పనివాడు వచ్చి ఒకసారి వంగి చూసి, ఇరుసు తుప్పు పట్టిందని, పైగా వెనక రెండు వరుసలు అడ్డమని చెప్పి వెళ్ళిపోయాడు. మిగిలింది ఒకటే దారి. పార్కుకు ఊరికే రాసిచ్చేస్తే, ఉన్నచోటనే నలగ్గొట్టి తీసుకుపోతారు.

మేవిస్ తన మెట్టు మీద నుంచే పలకరించింది. "ఇది బండి కాదు తల్లీ, పనికిమాలిన మొగుడు. ఇంటికి తీసుకుపోలేం, వదిలించుకోలేం." వెంటనే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, నా నోరు పడిపోనూ."

"పరవాలేదు, మేవిస్. క్లైవ్ ఉంటే నవ్వేవాడు."

"నవ్వి ఊరుకునేవాడా? 'నీ మొగుడు కూడా తుప్పు పట్టాకే పోయాడా?' అని అడిగేవాడు."

మధ్యాహ్నం పార్కు మేనేజర్ కర్టిస్ వచ్చాడు. ఒక చేతిలో కొలత చక్రం, ఇంకో చేతిలో రాసిచ్చే కాగితాలు. మెట్టు నుంచి అంచు దాకా చక్రం దొర్లించుకుంటూ వెళ్ళి వచ్చాడు.

"పన్నెండు మీటర్లు మేడమ్."

"ఎలా కుదురుతుంది? పోయినేడు ఇరవై ఐదు అంగలు ఉంది. రెండేళ్ళకు ఒక్క అంగే తగ్గింది. రండి, చూద్దురుగాని."

లోపలికి పిలిచి అలమర తలుపు తెరిచాను. కర్టిస్ వంగి చదివాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి పక్కన పెట్టి చూసుకున్నాడు.

"మేం ఏటా కొలుస్తాం మేడమ్. మూడేళ్ళ కిందట ఇరవై మీటర్లు. తర్వాత పద్దెనిమిది. పోయినేడు పదహారు. సముద్రం ఏ ఏడూ ఆగలేదు. సారు అంగలే ఎక్కడో..." అని ఆగిపోయాడు.

ఏటా సెప్టెంబరులో పిల్లలతో బడి హాలును అంగలతో కొలిపిస్తాను. ఒక్కొక్కరికి ఒక్కో అంకె వస్తుంది. ఎందుకలా అని అడుగుతాను. చిన్న అంగ వేస్తే ఎక్కువ అంకె వస్తుంది టీచర్ అంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఈ పాఠం చెబుతున్నాను.

పోయిన ఆగస్టులో ఆసుపత్రిలో డాక్టరు అడిగింది, క్లైవ్‌కు ఆయాసం ఎప్పటినుంచి అని. ఈ వేసవి నుంచే అని చెప్పాను. క్లైవ్ కూడా అవునన్నాడు. అసలు జవాబు మాత్రం ఈ తలుపు మీద మూడేళ్ళుగా ఉంది. రోజూ ఆ తలుపు తీసే కప్పులు అందుకున్నాను.

"శుక్రవారం లోపల సంతకం పెట్టి ఇవ్వండి మేడమ్. ఆ తర్వాత పైవాళ్ళు నా మాట వినరు," అన్నాడు కర్టిస్. గుమ్మం దగ్గర ఆగి, "కావాలంటే ఆ తలుపు మీరు విప్పుకుపోవచ్చు. నేనేం చూడలేదు," అన్నాడు.

అతను వెళ్ళాక మేవిస్ టీ పట్టుకొచ్చింది, ఒక స్క్రూడ్రైవరు కూడా. గోడలు ఇంత పల్చనివి, అన్నీ వినిపిస్తాయి.

"రెండు మడతబందులేగా, ఐదు నిమిషాల పని. నన్ను విప్పమంటావా?"

"ఈ ఏటిది ఇంకా రాయలేదు."

"అయితే రాసెయ్. ఆ కుర్రాడు చెప్పనే చెప్పాడుగా, పన్నెండని."

"అవి మీటర్లు, మేవిస్."

మెట్టు దిగాను. గాలికి బంకమట్టి వాసన. అంచు దగ్గర కొత్తగా పడిన పగులు కనిపిస్తోంది. క్లైవ్ మొదటి ఏడాది వేసినంత పెద్ద అంగ నేను వేయలేను. చివరి ఏడాది ఆయన ఎంత అంగ వేశాడో నేను చూడలేదు. కొలవకుండానే లోపలికి వచ్చేశాను.

ఆ శుక్రవారం దాటి పది రోజులైంది. పార్కు నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. కాగితం మీద సంతకం పెట్టలేదు. అలమర తలుపు విప్పలేదు. ఇరవై ఐదు కింద ఈ ఏటి అంకె రాయలేదు.