అప్పుడప్పుడు నడిపే మనిషి

"ఆ కొస గట్టిగా పట్టుకో ఓదిల్, గాలికి లేచిపోతుంది," అన్నాడు మా ఆయన గేతాన్.

నేను పట్టుకునే ఉన్నాను. పదిహేనేళ్లుగా ప్రతి నవంబరులోనూ ఆ కొస పట్టుకునేది నేనే. మంచు మొదలయ్యేలోగా మా రిమూస్కీ ఊళ్లో ప్రతి వాకిట్లోనూ కారు నిలపడానికి ఒక తెల్ల డేరా లేస్తుంది. ఇనప గొట్టాలు బిగించేది మగవాళ్లు. గుడ్డ దులిపి, చిరుగులు కుట్టి, తాళ్లు వెతికి, గాలిలో వేళ్లు కొంకర్లు పోతుండగా కొస పట్టుకుని నిలబడేది మేము. అంతా అయ్యాక ఎదురింటాయన వచ్చి, "బాగా వేశావోయ్ గేతాన్," అని భుజం తట్టి వెళతాడు.

ఈసారి నేల మీద రెండు గొట్టాలు ఎక్కువ కనిపించాయి. ఇవెందుకని అడిగాను.

"కొనబోయే బండి పొడుగు కదా. కొలిచే తెచ్చాను. డేరా ఇంకో గడి పెరగాలి."

"మరి నాది?"

"నీది బయటుంటుందిలే. రోజంతా ఎవరెవరి ఇళ్ల ముందో బయటే కదా ఉండేది, దానికి అలవాటే."

బండికి అలవాటేమో గానీ, పొద్దున్నే ఆరింటికి పార తీసుకుని మంచు తోసి, అద్దం గీకి, గడ్డకట్టిన తలుపుని గుంజి తెరవాల్సింది నేను. ఆ మాట అనబోయేలోగా గాలి డేరాని లాగింది. కొస రెండు చేతులా పట్టుకున్నాను.

నేను ఇళ్లకు వెళ్లి వైద్యం చేసే నర్సుని. కదలలేని ముసలివాళ్లకి పుండ్లు కడిగి కట్లు కట్టడం, ఇన్సులిన్ వేయడం, మూత్రపు గొట్టాలు మార్చడం నా పని. రోజుకి ఆరేడు ఇళ్లు, ఒక్కో ఇల్లు ఒక్కో కొసన. నా బండి తొమ్మిదేళ్ల పాత పెట్రోలు బండి, తలుపుల కింద తుప్పు తినేసి చెయ్యి పెడితే పొడి రాలుతుంది. దాన్ని మార్చుకోవాలని మూడు చలికాలాలు శని, ఆదివారాలు కూడా డ్యూటీ చేసి పంతొమ్మిది వేల డాలర్లు దాచాను. చిన్న కరెంటు బండి ఒకటి చూసి పెట్టుకున్నాను కూడా. గేతాన్ కేమో వసంతకాలం నుంచి పెద్ద కరెంటు బండి మీద మనసు పడింది. లోపల తోలు సీట్లు, గోడంత తెర, పైన అద్దాల కప్పు. ఆయన ఆఫీసు ఇంటికి పది నిమిషాల నడక. ఎండైనా మంచైనా నడిచే వెళతాడు, ఆరోగ్యానికి మంచిదట. అలాంటి మనిషికి ఆ బండి ఎందుకంటే ఆదివారాలకి. నా పంతొమ్మిది వేలూ ముందు కట్టేస్తే, నెలనెలా కట్టేది తన జీతంలోంచట. నేను ఇంకో చలికాలం పాత దాంతో సర్దుకోవాలట. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా.

"నువ్వు లెక్కల్లో చురుకు," అన్నాడు ఆ సాయంత్రం చేతులు కాచుకుంటూ. "చిన్న బండినీ పెద్ద బండినీ పక్కపక్కన పెట్టి ఐదేళ్ల ఖర్చు వేసిచూడు. కరెంటు రెండింటికీ ఒకటే. ఆయిలు మార్చే గొడవ రెండింటికీ లేదు. పెద్ద తేడా రాదని నువ్వే ఒప్పుకుంటావు. ఆదివారం అమ్మ దగ్గర చెబుదాం."

జవాబు తను ముందే రాసేసుకుని, లెక్క మాత్రం నన్ను చేయమంటున్నాడు. సరే అన్నాను. చేస్తాను. నిజంగానే చేస్తాను.

మంగళవారం నాకు సెలవు. పొయ్యి మీద బఠాణీల సూప్ ఉడుకుతుంటే వంటగది బల్ల మీద కాగితం పరిచాను. కరెంటు విషయంలో ఆయన మాట నిజమే, తేడా కొద్దిగానే ఉంది. డిసెంబరు ఒకటికల్లా అందరూ మంచు టైర్లు వేయించుకోవాలి కదా, వాటి దగ్గర మొదలైంది. చిన్న బండికి నాలుగూ కలిపి తొమ్మిది వందలు. పెద్దదానికి, ఆ చక్రాల సైజుకి, రెండు వేల ఆరు వందలు. బరువు కాబట్టి త్వరగా అరిగిపోతాయని కూడా టైర్ల షాపువాడు చెప్పాడు. వడ్డీ చూశాను. ఐదేళ్ల తర్వాత అమ్మితే ఎంతొస్తుందో చూశాను. చిన్న బండి విలువ ఇరవై రెండు వేలు పడిపోతుంది, పెద్దది అరవై వేలు. డబ్బంతా పోయేది కరెంటులో కాదు, ఊరికే డేరాలో నిలబడి పాతబడటంలో. ఇక మిగిలింది ఇన్సూరెన్స్. ఫోన్ చేశాను.

ఎత్తిన అమ్మాయిది చిన్న వయసు గొంతు. పేరడిగింది. ఓదిల్ ప్లూర్డ్ అని చెప్పాను. మా రాష్ట్రంలో పెళ్లయినా ఆడవాళ్ల ఇంటిపేరు మారదు, చట్టమే మారనివ్వదు. గేతాన్ ఈ సంగతి బయటి ఊళ్ల నుంచి వచ్చిన చుట్టాలకి తనే చేసిన చట్టంలా గొప్పగా చెబుతుంటాడు.

"మేడమ్ ప్లూర్డ్, మీ పేరు మీద ఏమీ కనపడట్లేదండీ."

"మా ఆయన పేరు మీద చూడమ్మా."

"ఆఁ, దొరికింది. బండి మస్యూ గేతాన్ గారిది. ముఖ్యంగా నడిపేది ఆయన. మీరేమో అప్పుడప్పుడు నడిపే మనిషి."

"ఏమన్నావు?"

"అప్పుడప్పుడు నడిపే మనిషి అండీ. అంటే వారానికో, పది రోజులకో ఒకసారి తీసేవాళ్లు. ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లని ఉంది. ఉద్యోగం పనికి వాడకం లేదని ఉంది."

నాకు నవ్వొచ్చింది. పోయినేడు ఆ బండి తిరిగింది ఇరవై ఆరు వేలు. అందులో ఆయన నడిపింది వాళ్లమ్మ ఇంటికీ, చేపల వేటకీ. నేను నర్సునని, రోజూ నేనే నడుపుతానని చెప్పాను. ఆ పిల్ల గొంతు తగ్గించింది.

"మేడమ్, చెప్పకూడదేమో గానీ చెబుతున్నాను. రాత ఇలా ఉండగా దారిలో మీకేదైనా అయితే, డబ్బు ఇవ్వకపోవచ్చండీ. వెంటనే సరిచేయించుకోండి."

"మరి పంతొమ్మిదేళ్లు ఒక్క గీత పడకుండా నడిపాను కదమ్మా. నా పేరున కొత్త బండి తీసుకుంటే అది లెక్కలోకి వస్తుందా?"

"ఆ మంచి రికార్డు మా దగ్గర మస్యూ గేతాన్ పేరునే ఉందండీ."

ఫోన్ పెట్టేశాక సూప్ అడుగంటుతున్న వాసన వచ్చినా లేవలేకపోయాను. పంతొమ్మిదేళ్లు. తుఫానులో మంచు తోసే బండి వెనక ఎర్ర దీపం ఒక్కటే చూసుకుంటూ రెండు గంటలు పాకిన రోజు నాదే. నది గాలికి రోడ్డంతా తెల్లగా ఎగిరిపోతుంటే, అవతల ఇన్సులిన్ కోసం ఒక ముసలామె కాచుకుని ఉందని ఊపిరి బిగబట్టి నడిపిన రోజూ నాదే. ఆయన గంటకి అయిదు కిలోమీటర్ల వేగంతో ఆఫీసుకి నడిచి వెళుతుంటే, ఆయన పేరు మీద జాగ్రత్తగా బండి నడిపింది నేను. పెళ్లైన కొత్తలో నాకప్పుడే లైసెన్సు వచ్చింది, "అప్పుడప్పుడు నడుపుతుందిలెండి," అని ఆయన ఇన్సూరెన్స్ వాళ్లతో నవ్వుతూ చెప్పడం నాకు గుర్తుంది. నేనూ నవ్వాను. తర్వాత ఏటా కాగితం వచ్చేది, మార్పులేమైనా ఉన్నాయా అని. ఆయన ఈ బల్ల దగ్గరే కూర్చుని లేవు అని గీత పెట్టేవాడు. నేను పొయ్యి దగ్గర ఉండేదాన్ని. తిరిగి చూస్తే కనపడేంత దూరమే. నేనూ ఎప్పుడూ తిరగలేదు. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. కానీ ఇంకొక్క గీత పెట్టనివ్వను అనుకున్నాను.

బుధవారం మొదటి ఇల్లు ఒరేల్ గారిది. ఎనభై ఎనిమిదేళ్లు, ఒకప్పుడు మంచు తోసే బండి డ్రైవరు. కాలి పుండుకి కట్టు మారుస్తుంటే ఎప్పటిలాగే మొదలెట్టాడు.

"కిటికీలోంచి చూడక్కర్లేదే అమ్మాయ్. ఎనిమిదీ ఇరవైకి నీ బండి మూలుగు వినిపిస్తుంది. దాన్ని బట్టి నా గడియారం తిప్పుకుంటాను."

జరిగింది చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"అప్పుడప్పుడా! ఓరి దేవుడా, నలభై ఏళ్లు ఈ రోడ్డు మీద మంచు తోశాను, అప్పుడప్పుడు నడిపేవాళ్లెవరో నాకు తెలీదా? వాళ్లందర్నీ గోతుల్లోంచి లాగింది నేనే. ఏ బండి కొంటున్నావు?"

"చిన్నదే."

"బతికించావు. పెద్దవి నా వాకిట్లో తిరగవు. మొన్న మందుల షాపువాడు ఏనుగులాంటి బండి వేసుకొచ్చి ఇరుక్కుపోయాడు. ఈ కాలితో నేనే వెళ్లి పార అందించాల్సొచ్చింది."

"ఈ కాలితో బయటికెళ్లారా!" అని నాలుగు చీవాట్లు పెట్టాను. ఆ మధ్యాహ్నమే మా ఆఫీసుకి ఫోన్ చేసి ఒక ఉత్తరం అడిగాను. కిలోమీటర్ల డబ్బులివ్వడానికి వాళ్లు నేను తిరిగిన దూరమంతా రాసిపెడతారు. శుక్రవారం ఉత్తరం వచ్చింది. పదిహేడేళ్లలో నాలుగు లక్షల పన్నెండు వేల కిలోమీటర్లు, ప్రమాదాలు ఏమీ లేవు. కింద సంతకం, ముద్ర. ఒక నకలు ఇన్సూరెన్స్ వాళ్లకి పంపాను.

ఆదివారం అత్తగారింట్లో భోజనం. మా అత్తగారు యుగెత్ మాంసం కూరిన టూర్తియేర్ రొట్టె వేడివేడిగా బల్ల మీద పెట్టింది. గేతాన్ కి హుషారు ఆగడం లేదు.

"ఓదిల్ లెక్కేసిందమ్మా. పాత బండి కూడా ఉంచుకుంటాం. కిలోమీటర్ల డబ్బులొస్తాయి కదా, దాని ఖర్చు అదే సంపాదించుకుంటోంది."

ఆ బండి పొద్దున్నే తనంతట తనే లేచి, ముసలివాళ్ల పుండ్లు కడిగి, సాయంత్రానికి డబ్బు తెస్తోందన్నమాట.

"మంచిదే," అంది అత్తగారు. "అంత ఖరీదు బండిని మాత్రం ఆ రోగుల ఇళ్లకి తీసుకెళ్లకమ్మాయ్, మందుల కంపు పట్టేస్తుంది. మగాడన్నాక ఒక సరదా ఉండొద్దూ?"

కాగితం తీసి చదివాను. చిన్న బండికి ఐదేళ్లకి ముప్పై ఏడు వేలు. పెద్దదానికి తొంభై ఎనిమిది. తేడా అరవై ఒక్క వేలు, అంటే నా చేతికొచ్చే జీతం ఏడాది నాలుగు నెలలది. గేతాన్ ఫోర్కు కింద పెట్టాడు.

"ఎక్కడో తప్పు చేశావు."

"చూసుకో. కాగితం నీ ముందే ఉంది. కింద ఇన్సూరెన్స్ వాళ్లు నా గురించి అన్న మాట కూడా రాశాను, చదువు."

చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇదా? ఇది కాగితం మీద మాట ఓదిల్. దీనికింత రాద్ధాంతమా?"

"కాగితం మీద మాటే అయితే మార్చడానికి నొప్పేంటి?"

"నా రికార్డు మంచిది కాబట్టే కదా తక్కువ పడుతోంది!"

"నీ రికార్డా? మంచులో నువ్వు చివరిసారి బండి తీసిందెప్పుడు గేతాన్?"

కాగితం మడిచి పళ్లెం కిందకి తోశాడు. అత్తగారు కల్పించుకుని కొడుకుని వెనకేసుకొస్తుందని కాచుకున్నాను. ఆవిడ టమాటా పచ్చడి సీసా మూత తిప్పుతూ కూర్చుంది.

"మీ మామగారు పోయాక నేర్చుకున్నాను నేను," అంది చివరికి, సీసాతోనే మాట్లాడుతున్నట్టు. "అరవై రెండేళ్లకి. అన్నాళ్లూ బండి వాకిట్లోనే ఉంది, తాళం ఎక్కడ పెడతారో కూడా తెలీదు నాకు." తర్వాత నా పళ్లెంలో ఇంకో ముక్క వేసింది. "తిను, చల్లారిపోతోంది."

తిరిగొచ్చేటప్పుడు బండి నేనే నడిపాను. దారంతా ఆయన కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. నేను సముదాయించలేదు. ఇన్నేళ్లలో అలా ఊరుకోవడం అదే మొదటిసారి, అంత కష్టంగా ఏమీ లేదు.

గురువారం డ్యూటీ అయ్యాక షోరూముకి వెళ్లి చిన్న బండికి సంతకం పెట్టాను. పంతొమ్మిది వేలూ కట్టేశాను, మిగతాది నా జీతంలోంచే. ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా ఇన్సూరెన్స్ కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఉత్తరం ముందు పరుచుకున్నాను. పెద్ద బండి ఇక రాదని డేరాకి పెంచిన గడి విప్పుతున్న గేతాన్, నేను కొత్త బండి సంగతి చెబుతుంటే విని, పానా చేతిలో ఉండగానే లోపలికొచ్చాడు.

"నన్ను అడగకుండా నువ్వొక్కదానివే కొనేశావా?"

"డేరా కొలిచినప్పుడు నన్నడిగావా?"

ఫోన్లో ఆ పిల్లే. నా గొంతు గుర్తుపట్టింది. ఉత్తరం అందిందని, కొత్తవాళ్ల ధర కాకుండా చూశానని చెప్పింది. అయినా ఆయన కట్టేదానికన్నా ఏడాదికి నూట నలభై డాలర్లు ఎక్కువే పడుతుందంది. పడనీ.

"ఏడాదికి ఎంత దూరం రాయమంటారు మేడమ్ ప్లూర్డ్?"

"ఇరవై ఆరు వేలు."

"ఉద్యోగానికి?"

"రోజూ."

"ముఖ్యంగా నడిపేది?"

"నేను."

అటు టకటకా టైపు కొడుతున్న చప్పుడు. గేతాన్ అక్కడే నిలబడ్డాడు, బూట్ల మంచు కరిగి నేల మీద నీళ్లు అవుతోంది. ఈసారి ఆ నీళ్లు తుడవడానికి నేను లేవలేదు.

"ఇంట్లో లైసెన్సు ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా మేడమ్?"

"ఉన్నారమ్మా. మా ఆయన," అన్నాను ఆయన కళ్లలోకి చూస్తూ. "రాసుకో. అప్పుడప్పుడు నడిపే మనిషి."