పదో నడుము

కింద కిరాణా కొట్లో ఫోను మోగింది. కొట్టతను మెట్ల దగ్గరికొచ్చి "డాక్టరుగారూ, మీకే" అని మూడో అంతస్తు దాకా వినపడేలా పిలిచాడు. మా ఆయన అప్పటికింకా డాక్టరు కాలేదు. అయినా ఆ పిలుపు మా ఇద్దరికీ ఎంత నచ్చేదంటే, కొట్టతన్ని ఒక్కసారి కూడా సరిదిద్దలేదు.

ఆయన లుంగీతోనే మెట్లు దిగారు. వెనకాలే నేను. ఫోనులో "యస్ సార్" అని పదకొండుసార్లు అన్నారు. రిసీవరు పెట్టేసి, ఉల్లిపాయల బస్తాకీ పాలపొడి డబ్బాలకీ మధ్య నిలబడి "తీసుకున్నారు" అన్నారు. కొట్లో నలుగురున్నారు కాబట్టి నా చెయ్యి పట్టుకోలేక ఒక పాలపొడి డబ్బాని గట్టిగా పట్టుకున్నారు. ఆ డబ్బా కొనేశాం.

అది ఎనభై మూడో సంవత్సరం. మాకు పెళ్ళయి నాలుగు నెలలు, నేను కువైట్ వచ్చి ఆరు వారాలు. అబ్బాసియాలో ఒక గది, ఒక వంటిల్లు. ఏసీలోంచి కారే నీళ్ళు గిన్నెలో పట్టి కరివేపాకు మొక్కకి పోస్తే, అది మూడు కొత్త రెమ్మలు వేసింది. ఆ సంగతి మా అమ్మకి రెండు పేజీలు రాశాను.

మా ఆయన చదువు పేరు కైరోప్రాక్టిక్. మందులూ కత్తులూ లేకుండా, చేతులతోనే వెన్నుపూసలు సర్దే వైద్యం. మా మామయ్య తన ఉత్తరాల్లో దాన్ని "అల్లుడిగారి నడుముల చదువు" అంటాడు. ఇంగ్లండులో తరగతులు పూర్తయ్యాయి. డిగ్రీ చేతికి రావాలంటే అనుభవమున్న డాక్టరు కళ్ళెదుట ఆరునెలలు పనిచెయ్యాలి. హవల్లీలో లెబనాన్ డాక్టరొకాయన క్లినిక్ పెట్టారు. ఇప్పుడు ఫోను చేసింది ఆయనే.

ఆయన నియమాలు రెండు. తను గదిలో లేకుండా విద్యార్థి ఎవరి వెన్ను మీదా చెయ్యి వెయ్యకూడదు. మొదటి నెలలో పదిమంది కొత్త రోగుల్ని విద్యార్థే వెతికి తెచ్చుకోవాలి. ఒక్కొక్కరి కేసు కిందా డాక్టరు సంతకం పడాలి. నెలాఖరు గురువారానికి పది సంతకాలు లేకపోతే ఆ చోటు ఇంకొకరిది. అప్పుడు ఈయన మళ్ళీ ఇంగ్లండు వెళ్ళాలి, నేను ఆరునెలలు అమలాపురంలో కూర్చోవాలి. ఆరునెలలకి నూటఎనభై రోజులని నేను వేళ్ళమీద గుణించి చూసుకున్నాను.

"పదిమందేగా. ఈ అబ్బాసియాలో నడుము నొప్పి లేనివాడెవడు?" అన్నాను.

"నొప్పి అందరికీ ఉంటుంది వకుళా. బస్సెక్కి హవల్లీ దాకా వచ్చేదెవరు?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నీ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు" అన్నారు.

నా సంగతేమిటంటే, నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అలా పుట్టినవాళ్ళు, గడప మీద బోర్లా పడుకున్నవాళ్ళని మూడు పొద్దులు ఎడమకాలితో మూడేసిసార్లు తొక్కితే నడుము పట్టు వదిలిపోతుందని మావాళ్ళ నమ్మకం. చిన్నప్పుడు మా వీధిలో సగం నడుములు నా కాలికిందికి వచ్చినవే. పెళ్ళిలో ఈ మాట విన్నప్పటినుంచీ మా ఆయనకి లోపల చిన్న గుబులు. ఆరేళ్ళ ఇంగ్లండు చదువుకి ఇంట్లోనే పోటీ.

మూడు వారాల్లో తొమ్మిదిమంది అయ్యారు. దర్జీ హుస్సేన్ వలి మెడ, పక్కగది కుర్రాళ్ళ భుజాలు, ఎదురింటి సూరాయమ్మగారి నడుము. పదోవాడు తిమ్మయ్య. కడపవైపు మనిషి, అల్ రాయ్‌లో గోడౌన్‌లో బస్తాలు మోస్తాడు. గురువారం, అంటే ఆఖరిరోజు, పొద్దున్నే వస్తానని మాటిచ్చాడు.

ఆ ముందు శనివారం సూరాయమ్మగారితో బఠాణీలు ఒలుస్తూ, చిన్నప్పటి కబుర్ల మధ్య నేను నోరు జారాను. ఆవిడ చేతిలో బఠాణీ కాయ అలాగే ఉండిపోయింది.

"అదేంటమ్మాయ్. ఇంట్లో ఎదురుకాళ్ళదానివి నువ్వుండగా నన్ను హవల్లీ దాకా బస్సెక్కించారా మీ మొగుడూ పెళ్ళాలూ?"

"మీకు తగ్గిందన్నారుగా పిన్నిగారూ."

"తగ్గిందనుకో. కానీ ఆ బస్సు కుదుపులకి మళ్ళీ వచ్చిందమ్మా."

ఆదివారం తెల్లవారగానే ఆవిడ మా గడపకి అడ్డంగా బోర్లా పడుకున్నారు. మా ఆయన బేకరీ వరసలో వేడి ఖుబ్బూస్ రొట్టెల కోసం నిలబడే ఇరవై నిమిషాలు మాకు చాలు. మూడు పొద్దులు తొక్కాను, ప్రతిసారీ తొక్కి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాను, పెద్దావిడ కదా. మూడోరోజు ఆవిడ లేచి గుంజీ తీసి చూపించారు. నిజం చెప్పాలంటే నాకు గర్వంగానే అనిపించింది.

బుధవారం తెల్లవారేసరికి ఆవిడ తిమ్మయ్యని తీసుకొచ్చారు. అతను మెట్లన్నీ పక్కవాటుగా ఎక్కొచ్చాడు.

"ఇరుక్కపోయింది మా. కూసుంటే లేయలేను, లేస్తే కూసోలేను."

"రేపు క్లినిక్‌కి వస్తున్నారుగా."

"రేపటిదాకా ఇట్టా వంకరగా ఎట్టుంటాడమ్మాయ్? చూత్తూ ఊరుకుంటావా?" అన్నారు సూరాయమ్మగారు.

ఊరుకోలేకపోయాను. మూడు తొక్కులు తొక్కాను. తిమ్మయ్య లేచి అటూ ఇటూ తిరిగి, నిటారుగా నిలబడి నవ్వాడు.

"బాగుండాది మా. ఇంగ డాక్టరు కాడికి యాల? నొప్పి లేనోడు యాడ సూపించేది?"

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. పదో నడుముని నా కాలితో నేనే బాగుచేసేశాను. నూటఎనభై రోజులూ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి.

"తిమ్మయ్యగారూ, ఇది మూడు పొద్దుల వైద్యం. ఒక్క పొద్దుతో ఆపితే తిరగబెడుతుంది" అన్నాను.

"అట్లయితే రేపొస్తాలే మా."

"రేపు హవల్లీ. అక్కడ సారు చూసి రాసుకున్నాకే నా రెండో పొద్దు."

"ఏంది మా ఇది, బలదియా ఆఫీసు కంటే అన్యాలం" అని ఇక్కడి మునిసిపాలిటీని తలుచుకుని గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. కానీ ఒక షరతు పెట్టాడు. గదిలో నేను కూడా ఉండాలి. కొత్తవాళ్ళు ఒక్కరే చెయ్యి వేస్తే అతనికి భయమట.

గురువారం పదింటికి క్లినిక్‌లో ఉన్నాం. మూలన ఒక అస్థిపంజరం, దాని పక్కన కుర్చీలో నేను. పెద్ద డాక్టరు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నారు. తెల్లకోటులో మా ఆయన ఎంత బాగున్నారంటే, వచ్చిన పని కాసేపు మరిచిపోయాను.

"మొదలుపెట్టు మిస్టర్ కుక్కూ" అన్నారు డాక్టరు. మా ఆయన పేరు కుక్కుటేశ్వరరావు. అందులో మిగతా భాగం డాక్టరుగారు మొదటిరోజే వదిలేశారు.

కేసు పుస్తకంలో ఉన్న ప్రశ్న ఒక్కటీ వదలకూడదు, రోగి చెప్పింది చెప్పినట్టు రాయాలి. పేరు, వయసు, పని అయ్యాయి. "ఈ నొప్పికి ఇంతకుముందు ఎవరైనా వైద్యం చేశారా?" అని ఈయన తెలుగులో అడిగారు.

తిమ్మయ్య నావైపు చూశాడు. నేను అస్థిపంజరం వైపు చూశాను.

"చేసినారు సార్."

"ఎప్పుడు?"

"నిన్న తెల్లారుజామున."

"ఎక్కడ?"

"మీ ఇంట్లోనే, గడప మీద."

పెన్ను ఆగింది. "మా ఇంట్లో ఎవరు?"

"ఈ యమ్మే. ఎడమకాలితో, మూడు తొక్కులు."

"ఏమంటున్నాడు?" అన్నారు డాక్టరు ఇంగ్లీషులో.

ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళం మేం ముగ్గురమే. "ఏమీ లేదంటున్నాడు సార్" అంటే అయిపోయేది. మా ఆయన నన్ను ఒకసారి చూసి, గాలి పీల్చుకుని ఉన్నదున్నట్టు చెప్పారు. "నిన్న ఉదయం మా గడప మీద వైద్యం జరిగింది సార్. కాలితో. మూడుసార్లు."

"ఎవరు చేశారు?"

"నా భార్య."

"ఆమె ఎక్కడ చదివింది?"

"అమలాపురంలో సార్. బీయస్సీ, బోటనీ."

"రాయి" అన్నారు డాక్టరు. ఈయన రాశారు.

తర్వాత తిమ్మయ్యని బల్లమీద బోర్లా పడుకోబెట్టారు. మా ఆయన వేళ్ళు మెడ దగ్గర మొదలై, ఒక్కో పూసా తడుముతూ దిగి, నడుముకి కాస్త పైన ఆగాయి. "ఇక్కడ నొప్పి ఉందా?"

"లేదు సార్, అంతా పా..." అంటూనే తిమ్మయ్య బల్లమీదనుంచి జానెడు ఎగిరాడు.

డాక్టరు వచ్చి అదేచోట తనూ వేలు పెట్టి చూశారు. తల ఊపారు. కొంచెం కింద ఎర్రగా కమిలిన గుండ్రటి గుర్తు చూపించి "ఇదేమిటి?" అన్నారు.

"మట్టె, సార్" అన్నారు మా ఆయన, నేల చూస్తూ.

డాక్టరు తలూపాక మా ఆయన చేతులు సరిచూసుకుని, ఒక్క అదుము అదిమారు. టక్కుమంది. తిమ్మయ్య లేచి కూర్చుని, నన్నూ ఆయన్నీ మార్చిమార్చి చూసి, "రెండూ బాగుండాయి సార్" అన్నాడు, ఎవరినీ నొప్పించడం ఇష్టంలేక.

డాక్టరు పెన్ను తీశారు గానీ సంతకం పెట్టలేదు. పేజీ పైనుంచి కింద దాకా చదివారు. నేను చీర కొంగుని వేలికి పది చుట్లు చుట్టాను.

"ఇక్కడ 'లేదు' అని రాసి ఉంటే నాకు తెలిసేది కాదు. తెలియని వైద్యం మీద వైద్యం చేస్తే రోగి ఏమయ్యేవాడో ఆలోచించు. నువ్వు రాశావు" అని, పదో సంతకం పెట్టారు. "ఖలాస్."

నేను కొంగు విప్పేలోపే డాక్టరు నావైపు తిరిగారు. "మేడమ్, మీ వైద్యం ఇంకా మిగిలి ఉందా?"

"తిమ్మయ్యగారికి రెండు పొద్దులు ఉన్నాయి సార్. మాటిచ్చాను."

"నా విద్యార్థి ఇంట్లో, నేను చూడకుండా ఎవరి వెన్ను మీదా చెయ్యి పడకూడదు. కాలు కూడా. నేనొచ్చి చూస్తాను. బరువంతా ఎక్కడ వేస్తారో చూడాలి." తలుపు దాకా వెళ్ళి, కుడిచేత్తో తన నడుము పట్టుకుని ఆగారు. "మీ గడప వెడల్పు ఎంత ఉంటుంది?"

బస్టాపు దాకా తిమ్మయ్య మా ఇద్దరికీ మధ్య చాలా నిటారుగా నడిచాడు. బస్సు కనపడ్డాక, జనం మధ్యలోనే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఈసారి పాలపొడి డబ్బా అవసరం పడలేదు.

"రేపు శుక్రవారం, అందరికీ సెలవే" అన్నారు. "ఆరింటికి తిమ్మయ్య. ఆరుంబావుకి పెద్ద డాక్టరు. ఆయన ఆరడుగుల మనిషి, వరండాలోకి కాళ్ళు వస్తాయి కాబట్టి సూరాయమ్మగారి చాప కూడా అడుగు. మట్టెలు తీసెయ్యి. నేను పక్కనే నిలబడి రాసుకుంటాను."