ఆఖరి హుక్కు

మా అమ్మ హఫీజున్నీసా జగ్గయ్యపేటలో, మా ఇంటి ముందున్న కొట్లో ముప్పై ఏళ్లుగా జాకెట్లు కుడుతోంది. ఎవరివి ఎప్పటికివ్వాలో చిట్టీల మీద రాసి మిషన్ సొరుగులో కుక్కేది. అవసరమైన చిట్టీ ఒక్కటీ దొరికేది కాదు. చూసి చూసి నాకు ఒళ్లు మండింది. ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి ప్రోగ్రాములు రాసేదాన్ని, అమ్మకొకటి రాయలేనా అని ఒక ఆదివారం పాత ల్యాప్‌టాప్‌లో రాసిపెట్టాను. బొమ్మలూ బటన్లూ ఏమీ లేవు. నల్ల తెర మీద మూడే మాటలు టైపు చెయ్యాలి. పని చేర్చడానికి 'పెట్టు', జాబితాకు 'చూపు', ముగిసిన పని తీసెయ్యడానికి 'అయింది', పక్కన దాని నంబరు. నేర్పడానికని మొదటి పని నా పేరుతో నేనే పెట్టాను: 'ఇర్ఫానా జాకెట్టు'.

అమ్మ ఒంటి వేలితో నేర్చుకుంది. కానీ షరతు పెట్టింది. దీనివల్ల ఒక్క పెళ్లి జాకెట్టు ఆలస్యమైనా ల్యాప్‌టాప్ అటకెక్కుతుందట, నేను నోరెత్తకూడదట.

నాలుగు నెలలు నా ఉద్యోగం గొడవలో పడి దానివైపు చూడలేదు. మర్నాడు నందిగామలో చిల్లకల్లు నాగశ్రీ పెళ్లనగా, ఆ పొద్దున తొమ్మిదింటికి 'చూపు' కొట్టాను. ఆ పిల్లవి తొమ్మిది జాకెట్లూ జాబితాలోనే ఉన్నాయి. పదకొండింటికి వస్తుంది. అమ్మేమో ఫోన్ మిషన్ మీదే వదిలేసి బజారుకెళ్లింది.

కోపమొస్తే ఆలోచించే అలవాటు నాకు లేదు. వెనక వీధిలో కుట్టే జయమణి ఆంటీకి ఫోన్ చేసి, కొంప మునిగిందన్నాను. ఆవిడ ఇంకో ఇద్దరిని ఆటోలో ఎక్కించుకుని కత్తెరలతో సహా దిగింది.

అమ్మ హుక్కుల ప్యాకెట్లతో తిరిగొచ్చేసరికి కొట్టంతా జనం. నేను అరుస్తూనే ఉన్నాను. అమ్మ వెళ్లి బీరువా తెరిచింది. తొమ్మిది జాకెట్లూ ఇస్త్రీ చేసి వేలాడుతున్నాయి. ఒక్కోదానికీ ఒక్క హుక్కు మాత్రం తక్కువ.

"కుట్టడం అయినప్పుడు అయిందని కొట్టొచ్చుగా?" అన్నాను.

"తొడుక్కోకుండా ఎట్టా అయిద్దే? పిల్ల వేసుకోవాలి, ఊపిరి పీల్చుకోవాలి. అప్పుడు గుర్తెట్టి ఆఖరి హుక్కు కుట్టాలి. మా అమ్మ నాకట్టాగే నేర్పింది."

జయమణి ఆంటీ నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. తనూ అంతేనంది. ప్రోగ్రాము రాసిన నాకే తెలియలేదు. సిగ్గేసింది, అయినా గండం గడిచిన సంతోషంలో నేనూ నవ్వాను.

నాగశ్రీ వచ్చి ఒక్కోటీ వేసుకుని చూపిస్తుంటే అమ్మ సుద్దముక్కతో గుర్తు పెట్టింది. వచ్చినవాళ్లు ఊరికే పోకుండా తలా ఒకటి అందుకుని హుక్కులు కుట్టారు. నేను టీలు తెప్పించి, తొమ్మిదిసార్లు 'అయింది' కొట్టాను. పన్నెండున్నరకల్లా నాగశ్రీ సంచులతో కారెక్కింది.

జాబితాలో ఒకటో నంబరు, 'ఇర్ఫానా జాకెట్టు', ఇంకా అలాగే ఉంది. నేర్పడానికి పెట్టినదే కదా, తీసేద్దామని చెయ్యి పెట్టేసరికి అమ్మ ఆపింది. బీరువా అడుగు నుంచి ఒక పొట్లం తీసింది. నెమలికంఠం రంగు జాకెట్టు, నా కొలతలు. కుట్టి నాలుగు నెలలైందట. మూడుసార్లు కొట్లోకి రమ్మంది నిజమే, మూడుసార్లూ మీటింగన్నాను. దేనికని అడగనైనా లేదు. నాకు ఏడుపొచ్చింది.

వేసుకుని వచ్చాను. ఊపిరి పీల్చమంది. గుర్తు పెట్టి, విప్పించి, హుక్కు కుట్టి మళ్లీ తొడుక్కోమంది. అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. అప్పుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది.

అయింది 1.