మైనంలో మా అక్క

మా బాత్రూమ్ తలుపు రోజుకు పదిహేడుసార్లు లోపలి నుంచి గడియ పడుతుంది. లోపల ఎవరూ ఉండరు. మా అక్క ఝాన్సీ పోయి ఆరేళ్లు దాటింది కాబట్టి ఉండే వీలు లేదు, కానీ గడియ వేసేది ఆమే. మూలుగు బయటికి వినబడకుండా కుళాయి పూర్తిగా తిప్పి బకెట్లోకి వదులుతుంది. బతికి ఉన్నప్పుడూ ఇంతే చేసేది.

నేనూ, అక్క కూతురు ప్రసూనా బయట వరుసలో నిలబడతాం. ఎదురింటివాళ్లు అడిగితే గడియ లూజని చెబుతాను. పోయాక కూడా ఇంతసేపేంటి ఈ మనిషికి అని ఒక్కోసారి విసుక్కుంటాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏడుస్తాను.

నేను అంగన్‌వాడీ టీచర్ని. నెలకోసారి పిల్లల్ని తూచి, వచ్చిన అంకెను వచ్చినట్టు రిజిస్టర్లో వేస్తాను. ఆ అలవాటు కొద్దీ గడియను కూడా లెక్కపెడతాను. శ్రావణమాసం మొదట్లో పదిహేడు కాస్తా ఇరవై మూడవుతుంది. ఆరు ఎక్కువ. ఆ ఆరు ఎవరివో తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పడుతుంది, అంత మొద్దుని. ప్రసూన వరుసలో నా వెనక ఉండటం లేదు. తల్లి ఇంకా లోపల ఉండగానే తనూ వెళ్లిపోతోంది. ఇద్దరూ ఒకే గడియ వాడుకుంటున్నారు.

పిల్లను కేంద్రానికి తీసుకెళ్లి, కొక్కేనికి వేలాడదీసే చంటిపిల్లల తూకం సంచిలో కూర్చోబెడతాను. పదహారేళ్ల పిల్ల అందులో చక్కగా సరిపోతుంది. కాళ్లు నేలకు తగలవు. ముల్లు పద్నాలుగు కేజీల దగ్గర ఆగుతుంది. ఏమైందే నీకు అంటే, గ్యాసు పిన్నీ, ఏం లేదు అంటుంది సంచిలోంచి. వాళ్లమ్మ కూడా గ్యాసనే అనేది. నాకు ఒళ్లు మండిపోతుంది, భయమూ వేస్తుంది. మర్నాడే పెద్దాసుపత్రికని రేపల్లెలో బస్సెక్కిస్తాను.

ఆసుపత్రిలో డాక్టర్ ఇందుమతి గారి గది చిన్నదే, కానీ ఆమె ఒక్కో ప్రశ్న అడిగేకొద్దీ పొడుగవుతుంది. మొదటి ప్రశ్నకు మేం ఆమె బల్ల ముందే ఉంటాం. ఐదో ప్రశ్నకు ఆ బల్ల రైల్వే ప్లాట్‌ఫారం అవతలి చివరన ఉంటుంది. అయినా ఆమె గొంతు పెంచదు, మాకు బాగానే వినిపిస్తుంది. గొట్టం వేసి చూసి, పేగులోంచి చిన్న ముక్క తీశారు. చిన్నపేగు చివర పుళ్లున్నాయి. రెండు జబ్బుల్లో అవి ఒకేలా కనిపిస్తాయట. ఒకటి పేగుకు వచ్చే క్షయ. రెండోది క్రోన్స్, అంటే మనకు కాపలా కాయాల్సిన శక్తే పేగును శత్రువనుకుని కొరకడం. ఒకదానికి వాడే మందు రెండోదానికి పనిచేయదు సరికదా, చేటు కూడా చేస్తుందట.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడుగుతుంది. వాళ్లమ్మ క్షయ మందులు వాడుతూనే పోయిందని చెబుతాను. డాక్టరమ్మ కలం కింద పెడుతుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చిన కుటుంబాల మీద ఆమె పరిశోధన చేస్తోంది. అప్పట్లో అక్క పేగులోంచి తీసిన చిన్న ముక్క చెడిపోకుండా కింది అంతస్తులో మైనంలో పెట్టి ఉంటుందట. తల్లి ముక్కనూ కూతురి ముక్కనూ పక్కపక్కన చూస్తే ఈ పిల్లకు ఏ మందు వెయ్యాలో తేలుతుంది. అయితే అక్క ఒప్పుకోవాలి.

"ఆవిడ లేదండి," అంటాను.

"లేనివాళ్లకు ఒప్పుకోలు కాగితంలో వేరే గడి ఉంది. కానీ అడగాలి. అడక్కుండా మేం ఎవర్నీ కొయ్యం."

కింది అంతస్తులో ఇశ్రాయేలు గారని ఒక పెద్దాయన ఉంటాడు, మైనం ముక్కల సొరుగులన్నీ ఆయన చేతి కిందే. నేను సంవత్సరం చెబుతాను. ఆయన ఒక సొరుగు లాగుతాడు. అది వస్తూనే ఉంటుంది. గదంతా దాటి, మెట్ల దాకా వచ్చి ఆగుతుంది. దాని చివర మా అక్క కూర్చుని ఉంటుంది. నడుము దాకా గోరువెచ్చని మైనం. పైన ఆకుపచ్చ నేత చీర, ఒక చెయ్యి పొట్ట మీద.

మీ బావ వచ్చాడా అని అడుగుతుంది ముందు. ఆయన మళ్లీ పెళ్లి చేసుకుని బాపట్లలో ఉన్నాడంటే, పోన్లే అని ఊపిరి పీల్చుకుంటుంది. ప్రసూన సంగతి చెబుతాను. వింటూ వింటూ మైనంలో గోళ్లు దించుతుంది. అయినా సంతకం మాత్రం పెట్టనంటుంది.

"నా పేరు బయట పెట్టొద్దే కుమారీ. రేపు దానికి సంబంధాలు చూడాలి. తల్లికి పేగు జబ్బంటే ఎవడు చేసుకుంటాడే?"

పద్నాలుగు కేజీల పిల్లకు సంబంధాలేంటని నేను అరిచేస్తాను. ఇశ్రాయేలు గారు వచ్చి, గట్టిగా మాట్లాడితే మైనం కరుగుతుందమ్మా అని మెల్లగా చెప్పి వెళ్తాడు.

ఆనాటి సంగతి ఇక్కడ చెప్పాలి. ఏడేళ్ల కింద ఇదే ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరు అక్కను కూర్చోబెట్టి, రోజుకు ఎన్నిసార్లు వెళ్తావమ్మా అని అడిగాడు. కుర్చీ వెనక బావా, అక్క అత్తగారూ నిలబడి ఉన్నారు. అక్క నోరు విప్పలేదు. బల్ల కింద నా మణికట్టు గిల్లింది. రెండుసార్లండి అని నేను చెప్పాను. నెత్తురు పడుతోందా అంటే, అబ్బే లేదండి అన్నదీ నేనే. ఆయన రెండు అని రాసుకున్నాడు. నెత్తురు లేదంటున్నారు కాబట్టి క్షయ కావడానికే ఎక్కువ వీలుందని తొమ్మిది నెలల మందులు రాశాడు. ఎనిమిదో నెలలో అక్క పోయింది.

"నువ్వు గిల్లితే మాత్రం నేనెందుకు చెప్పాలే అక్కా," అని సొరుగు పట్టుకుని ఏడుస్తాను. "నోరు నాదే కదా."

అక్క నా తల మీద చెయ్యి వేస్తుంది. ఆ చెయ్యి కొవ్వొత్తి వాసన వేస్తోంది. "నువ్వు చెప్పకపోతే నేను ఒక్కసారే అని చెప్పేదాన్ని. నువ్వు ఒకటి ఎక్కువే చెప్పావు," అంటుంది.

దాంతో నాకేం ఊరట కలగదు. కాసేపటికి అక్కే, కోసుకోనీ, పిల్ల కోసం కోసుకోనీ, నేను మాత్రం ఏం చెప్పను అంటుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మైనంలోకి దిగిపోతుంది. సొరుగులో పటికబెల్లం పలుకంత ముక్క మిగులుతుంది. ఇశ్రాయేలు గారు దాన్ని చిటికెన వేలి మీద పెట్టుకుని పైకి తెస్తాడు.

గదిలో డాక్టరమ్మ ఇంకా దూరం జరిగి ఉంది. అక్కడి నుంచే ప్రసూనను అడుగుతుంది, రోజుకు ఎన్నిసార్లమ్మా అని. నా మణికట్టు చురుక్కుమంటుంది. ప్రసూన గిల్లుతోంది. గిల్లుతూనే నోరు తెరుస్తుంది.

"రెండుసార్లండి," అంటుంది.

ఆ గొంతు ప్రసూనది కాదు, నాది. ఏడేళ్ల కిందటిది, ఆ రోజు నాకు జలుబు కూడా ఉంది. కాదండీ, ఆరండీ అనబోతాను. డాక్టరమ్మ చెయ్యెత్తి ఆపుతుంది. జబ్బు ఎవరిదో వాళ్లే చెప్పాలి, పక్కవాళ్లు చెప్పింది ఇదివరకు ఒకసారి రాసుకున్నాం అంటుంది.

ఇశ్రాయేలు గారు మైనం పలుకును మిషనుకు బిగించి చక్రం తిప్పుతాడు. ఉల్లిపొర కంటే పల్చగా ముక్కలు తెగి, ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా వచ్చి, పళ్లెంలో వేడినీళ్ల మీద తేలుతాయి. ఒక్కో ముక్కలో అక్క ఉంటుంది. మొదటి ముక్కల్లో నోటికి కొంగు అడ్డం. పదిహేనో ముక్క దగ్గర కళ్లెత్తి నీళ్ల అవతల ఉన్న కూతుర్ని చూస్తుంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు ఆ పిల్లవి. అక్క చాలా ముక్కల పాటు చూస్తూనే ఉంటుంది. నలభయ్యో ముక్కలో కొంగు తీసేస్తుంది.

మైనం ముక్కల్లోంచి శబ్దం రాదు. ప్రసూన నా మణికట్టు వదిలి పళ్లెం మీదికి వంగుతుంది, తల్లి పెదవుల్ని చూసి చదువుతుంది.

"పదిహేడుసార్లు. నెత్తురు పడుతోంది. ఐదేళ్ల నుంచి." అంటుండగానే గొంతు నాది పోయి తనదవుతుంది. "నాకు ఆరుసార్లండి. నాకూ నెత్తురు పడుతోంది."

గది ఒక్కసారిగా దగ్గరకొచ్చి, బల్ల మా మోకాళ్లకు తగులుతుంది. డాక్టరమ్మ రెండు అంకెలూ రాసుకుంటుంది. తల్లి ముక్కా, కూతురి ముక్కా, ఈ మాటా మూడూ ఒకవైపే చూపిస్తున్నాయి, క్షయ మందులు వద్దు, రెండోదానికి మొదలుపెడదాం, ఈ పిల్లకు ఇంకా టైముంది అంటుంది. నేను సిగ్గు లేకుండా బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తాను. బతికిందమ్మా నా పిల్ల అనుకుంటాను.

కాగితం మీద లేనివాళ్ల గడిలో చిన్న మైనపు వేలిముద్ర పడి ఉంటుంది. నీళ్లలో అక్క ముక్కలు అయిపోతాయి. ఇశ్రాయేలు గారు చక్రం ఆపడు. ఆ కాస్త పలుకూ ఎంత కోసినా తరగదు. ఇప్పుడు వస్తున్న ముక్కల్లో మాకు తెలియని మనుషులున్నారు, ముక్కకొకరు. వీళ్లెవరని అడిగితే, మీవాళ్లే, ఇంకా పుట్టలేదమ్మా అంటాడాయన. వాళ్లలో ఒక్కరూ నోటికి ఏదీ అడ్డం పెట్టుకోరు. పెద్దవాళ్లూ చిన్నవాళ్లూ వరసగా పెదవులు కదుపుతారు. ప్రసూన చూసి ఒక్కో అంకే చెబుతుంది, నేను డాక్టరమ్మ రిజిస్టర్లో రాసుకుంటాను. తొమ్మిది. నాలుగు. పదకొండు, నెత్తురు.

ఒక ముక్క దగ్గర ప్రసూన ఆగిపోతుంది. అందులో తన వయసే ఉన్న పిల్ల ఒకతి పెదవులు మళ్లీ మళ్లీ కదుపుతోంది. అంకె చెప్పమంటాను.

"అంకె కాదు పిన్నీ. ఆ రోజు రెండని చెప్పింది ఎవరని అడుగుతోంది."

డాక్టరమ్మ రిజిస్టరు నా వైపు తిప్పుతుంది. నేను కృష్ణకుమారి అని రాస్తాను, ఇంటిపేరుతో సహా. సిరా ఆరకముందే, పళ్లెంలో పుట్టనివాళ్లందరూ నోళ్లు మూసుకుని ఒక్కసారిగా నా వైపు తిరుగుతారు.