వాగు మీద నూలు పోగు

మా ఖాసీ తెగలో మొగుడు బతికినన్నాళ్ళే మనవాడు. పోయాక అతని ఎముకలు అతని తల్లి వంశం వాళ్ళవి. ఈ కట్టుబాటు పెట్టినవాళ్ళెవరో గానీ, ఒకే కప్పు కింద నలభై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళు మాత్రం కాదు.

నా మొగుడు కోర్దోర్‌ను దహనం చేసిన ఏడాదికి అతని అక్క థ్రిన్సి ఎముకల కోసం వచ్చింది. వాటిని వాగు అవతల వాళ్ళ వంశపు రాతిగూట్లో, తల్లి ఎముకల పక్కన పెట్టాలి. పెరట్లో వాటిని ఉంచిన రాతిపెట్టె తెరిచి, నేనే ఎముకలు కడిగి కుండలో వేశాను. చిటికెన వేలి ఎముక ఒక్కటి మాత్రం నా వక్కల సంచిలోకి జారవిడిచాను. దొంగతనమే. సిగ్గుపడలేదు.

మిట్టమధ్యాహ్నం థ్రిన్సి వాగుకు అడ్డంగా, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నూలు పోగు కట్టింది. పోయినవాళ్ళు నీళ్ళలో దిగలేరు, పోగు మీద నడిచి దాటాలి. చెట్ల మీద ఆకు కూడా కదలడం లేదు. మా వైపు చివర పోగు కాస్త కిందికి వంగింది. ఆ వంపు మెల్లగా జరుగుతూ వాగు నడిమికి వెళ్ళి ఆగింది. తరవాత వెనక్కి, నా వైపు రాసాగింది. నా ఒళ్ళు జలదరించింది. లోపల మాత్రం సంతోషమే.

థ్రిన్సి మొహం పాలిపోయింది. "ఏం దాచావే?"

"నేనేం దాస్తాను వదినా?"

"చాల్లే నటన! పోగు తెగి నీళ్ళలో పడ్డాడంటే వాడు నీకూ దక్కడు, మాకూ దక్కడు. చూడు, పురి ఎట్లా విడిపోతోందో!"

నిజంగానే విడిపోతోంది. సంచి విప్పి ఎముకను కుండలో వేశాను. వంపు ఆగింది. కానీ ముందుకు కదల్లేదు.

"వెళ్ళమని నువ్వు చెప్పాలే," అంది థ్రిన్సి, ఈసారి మెత్తగా. "మేమంతా చెప్పేశాం. నువ్వే ఇంకా చెప్పలేదు."

చితి దగ్గర అందరూ అన్న వీడ్కోలు మాట నేను అనలేదు. ఇప్పుడు ఏడుస్తూనే అన్నాను: "వెళ్ళవయ్యా. దేవుడింట్లో వక్క నములుకుంటూ కూర్చో."

వంపు అవతలి గట్టుకు సాగింది. పోగు తిన్నగా అయింది. అక్కడి ఇసుకలో ఒక పాదం ముద్ర పడింది, తరవాత ఇంకొకటి. రెండూ అటువైపే.

నలభై ఏళ్ళలో ఏనాడూ ఒక్కసారి చెప్పగానే నా మాట విన్న మనిషి కాదు. ఆ రోజు విన్నాడు.