సంచిలో ఏముందని

మా అన్నయ్య లిఫ్టు మెకానిక్. ఆ రోజు పొద్దున్నే, ఓ అయిదంతస్తుల బిల్డింగులో లిఫ్టు మధ్యలో ఆగిపోతోందని ఫోనొస్తే, పనిముట్ల సంచి భుజాన వేసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఆ బిల్డింగే లేదు. పై అంతస్తులో బట్టలు కుట్టే ఆడవాళ్ళు చాలామంది, వాళ్ళతో పాటు మా అన్నయ్య, ఆ శిథిలాల కిందే పోయారు.

మేము సరిగ్గా ఏడవనైనా లేదు, ఈలోగా మైకు రంగంలోకి దిగాడు. అతను వీడియోలు చేస్తాడు. చేతిలో మైకు లేకుండా ఎవరూ చూడలేదు కాబట్టి అందరూ మైకు అనే పిలుస్తారు. బిల్డింగు కూలే ముందు ఢామ్మని చప్పుడైందని చుట్టుపక్కలవాళ్ళు చెప్పారు. అతను ఆ మాట పట్టుకున్నాడు. ఎదురు కొట్టు కెమెరాలోంచి అన్నయ్య లోపలికి వెళ్తున్న దృశ్యం సంపాదించి, సంచి చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, 'ఇందులో ఏముంది?' అని అడిగాడు. పేలుడు పదార్థాలని అతను అనలేదు. ఆ మిగతా మాట ఊరంతా అంది.

బిల్డింగు ఓనరుకి అంతకన్నా ఏం కావాలి? ఎవరు కదిపినా, ఏదైనా జరిగి ఉండొచ్చండీ, అన్ని కోణాల్లో చూడాలండీ అంటూ కళ్ళొత్తుకునేవాడు. మా వీధిలో మాత్రం మమ్మల్ని చూసి మాటలు ఆపేసేవాళ్ళు. రోజూ పలకరించే పక్కింటావిడ ఒకరోజు మెట్ల మీద మా వదినకి ఎదురై, గోడకి అతుక్కుని దారిచ్చింది. వదిన చకచకా దిగిపోయింది గానీ, ఇంట్లోకొచ్చాక గిన్నెలన్నీ దబదబా తోమింది.

కొన్నాళ్ళకి మైకు 'పేలుడా? ప్రమాదమా?' అని ఓ హాల్లో చర్చ పెట్టాడు. మమ్మల్ని పిలవలేదు. వెళ్ళొద్దని వదినని బతిమాలాను. ఆమె చెప్పులేసుకుంది. ఇక చేసేదేముంది, నేనూ వెంట నడిచాను.

వేదిక మీద, బిల్డింగు ఎందుకు కూలిందో విచారణ జరిపిన ఇంజినీరు ఉంది. నిదానంగా, అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. పేలుడు జరిగితే ఇనుప చువ్వల మీద, సిమెంటు ముక్కల మీద గుర్తులుంటాయి, వెతికాం, ఎక్కడా లేవు అంది. కింది అంతస్తులో షాపు విశాలంగా కనబడాలని ఓనరు రెండు పిల్లర్లు తీసేయించాడు, ఆ బరువంతా పక్క పిల్లరు మీద పడింది, అది పగిలినప్పుడే ఆ చప్పుడు వచ్చింది అంది. వెనకనించి ఎవరో నవ్వారు. ఇంకెవరో, నువ్వెవరి మనిషివో మాకు తెలుసులే అన్నారు. ఆ మాటకి కొందరు చప్పట్లు కొట్టారు. నా ఒళ్ళు మండిపోయింది.

వదిన లేచి నిలబడింది. మైకు ఆమెని గుర్తుపట్టాడు. మొహం వెలిగిపోయింది. పరుగున వచ్చి చేతిలోని మైకుని ఆమె నోటి దగ్గర పెట్టాడు.

"అమ్మా, మీ బాధ నాకు తెలుసు. నేనెవరి మీదా నింద వెయ్యలేదు. ప్రశ్న అడిగానంతే."

"మరి నన్నెందుకు అడగలేదు?" అంది వదిన. "మా గుమ్మం ముందు నిలబడి వీడియో తీసుకెళ్ళావు. తలుపు కొట్టి, అమ్మా సంచిలో ఏముందని అడిగితే చెప్పేదాన్ని కదా. ఆ సంచి సర్దేది నేనే. నీకు ప్రశ్న ఒక్కటే కావాలి నాయనా. జవాబొస్తే నీ దుకాణం మూసుకోవాలి."

హాల్లో గొణుగుడు మొదలైంది. అప్పుడు చేతికి కట్టుతో ఉన్న ఒకావిడ లేచింది. పై అంతస్తులో కుట్టుపని చేసి బతికి బయటపడింది.

"సంచి సంగతి నాకు తెలీదు," అంది. "పొద్దున్నుంచీ మిషన్లు ఊగుతున్నాయని మేం చెప్పాం. గోడ బీటలిచ్చిందని చూపించాం. ఇష్టమైతే కూర్చో, లేకపోతే పో, మళ్ళీ రావద్దన్నారు. కూర్చున్నాం. నా పక్క మిషను పిల్ల ఇప్పుడు లేదు."

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

వీడియో వచ్చాక చూస్తే, కట్టు చేతి ఆవిడ మాటలు లేవు. ఇంజినీరు మాటల్లో సగం లేవు. వదిన వేలు చూపించి మాట్లాడుతున్న ముక్క ఒక్కటి ఉంచి, కింద 'ఎందుకింత కోపం?' అని రాశాడు. ఫోను గోడకేసి కొడదామనుకున్నాను. వదిన లాక్కుంది.

"వాడి మీద కోపంతో కూర్చుంటే ఓనరు హాయిగా ఉంటాడు. పద," అంది.

ఆమె, ఆ కుట్టుపని ఆవిడ కలిసి, బతికినవాళ్ళ ఇళ్ళకీ పోయినవాళ్ళ ఇళ్ళకీ తిరిగారు. అందరం పోలీస్ స్టేషనుకి వెళ్ళాం. మా విచారణ ఇంకా నడుస్తోంది కదా, ఇళ్ళకెళ్ళండి అన్నారు పోలీసులు. వరండాలో కూర్చున్నాం. మర్నాడూ వెళ్ళి కూర్చున్నాం. చివరికి ఓనరు మీద ఫిర్యాదు తీసుకున్నారు. ఇంజినీరు వచ్చి వాంగ్మూలం ఇచ్చింది. ఓనర్ని జైల్లో పెట్టారు. కేసు ఇంకా నడుస్తోంది. నిజం దాచడానికే అతన్ని బలి చేస్తున్నారా అని మైకు ఇంకో వీడియో పెట్టాడు.

మొన్న బస్సులో నా పక్కనున్న పెద్దాయన ఆ వీడియో చూస్తూ, అదంతా పెద్ద కుట్రమ్మా, ఆ మెకానిక్‌గాడే పెట్టాడట అన్నాడు.

"ఆయన మా అన్నయ్య," అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "అయినా, చప్పుడైతే వచ్చింది కదమ్మా?" అన్నాడు.

గొంతు దాకా వచ్చిన తిట్టు మింగి, ఆయన వైపు తిరిగి కూర్చుని, ఆ పిల్లర్ల సంగతి చెప్పడం మొదలుపెట్టాను. నేను దిగాల్సిన స్టాపు వెళ్ళిపోయింది. వెళ్తే వెళ్ళిందిలే అనుకున్నాను.